ఇంటి పన్ను, పంటి నొప్పి

సికింద్రాబాద్‌లో కంటోన్మెంట్ బోర్డుకు కట్టేది పన్ను. పుచ్చిపోయి రాత్రంతా నిద్ర లేకుండా చేసేదీ పన్నే. పైకి ఒకటే మాట. వెనక ఏదైనా తగిలించి చూడండి, గుట్టు బయటపడుతుంది. సర్కారుదైతే పన్ను మీద, పన్నులు. నోట్లోదైతే పంటి మీద, పండ్లు. ప్రథమా విభక్తిలో అతుక్కుపోయిన జంటను ఒక్క ‘టి’ విడదీసింది. ఇలా ‘ఇ, టి, తి’లు చేరే మాటలను చిన్నయ సూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలన్నాడు. పేరు భయపెడుతుంది గానీ, పలక పట్టని పిల్లలూ వాటిని తప్పు లేకుండా వాడతారు.

ఏడు సంగతి ఇంకా ముచ్చటైంది. స్టేషన్‌లో ఏడింటి రైలు అంటే అంకె, ఈ ఏటి పంట అంటే సంవత్సరం. ఇంతలో ఏరు వచ్చి చేరుతుంది: ఏటి ఒడ్డు. అంటే ‘టి’ విడదీయగలదు, సంబంధం లేని రెంటిని కలిపేయనూగలదు. బహువచనమూ తక్కువది కాదు. వేలుకూ వేళ్లే, వేరుకూ వేళ్లే; వేయికేమో వేలు! మోండా మార్కెట్‌లో పండ్లు కొని, అటునుంచి పండ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లెవరూ తడబడరు. కోస్తావైపు పళ్లు అన్నా ఈ చిక్కు తీరదు. సంవత్సరాల దగ్గర మాత్రం తెలంగాణ నోరే నయం. ఏండ్లు అంటే, ఏరుకు బహువచనమైన ఏళ్లతో కలవవు.

ఈ మడతలను నిఘంటువుకెక్కించడానికి ఎంతో ఓపిక కావాలి. సి.పి. బ్రౌన్ 1852 నాటి తన నిఘంటువులో ఇల్లు పక్కనే ఇంటి, ఇండ్లు ఇచ్చి, ఆ తర్వాతే అర్థం చెప్పాడు. ఆ వరస నాకు భలే నచ్చుతుంది. ఆధునిక వాడుకను పట్టిన నిఘంటువు 1991లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చింది. దాన్ని చేసిన జె.పి.ఎల్. గ్విన్ ఐరిష్ కుటుంబానికి చెందిన ఐసీఎస్ అధికారి. అంతకుముందే, 1985లో, భద్రిరాజు కృష్ణమూర్తితో కలిసి తెలుగు వ్యాకరణమూ రాశాడు. ఐరిష్ నామవాచకాలదీ మన దారే. ఇంటిని ట్యాఖ్ అంటారు. ‘ఇంటి’ అనాలంటే టీ, ‘ఇండ్లు’ అనాలంటే టిహ. మొదటి రూపం ఒక్కటే నేర్చినవాడు అక్కడా గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

బ్రౌన్, గ్విన్ నిఘంటువులు రెండూ షికాగో విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందుగా ‘పాలు’ తీసి చూడండి. తాగేవీ కనిపిస్తాయి, పంచుకునేవీ కనిపిస్తాయి.