మైల్స్ తడబాటులో ఉన్న పనితనం

కంప్యూటర్ యానిమేషన్ వచ్చాక రెండు దశాబ్దాలకు పైగా పెద్ద స్టూడియోలన్నీ నునుపుదనం వెంటే పరుగెత్తాయి. జుట్టు నిజం జుట్టులా ఊగాలి, నీళ్లు నిజం నీళ్లలా పారాలి. 2018లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్’ ఆ పరుగు మానేసి కామిక్ పుస్తకం అచ్చుకాగితం వైపు తిరిగింది. బాబ్ పెర్సికెట్టి, పీటర్ రామ్సీ, రాడ్నీ రాత్‌మన్ కలిసి తీసిన ఈ సినిమాకు మరుసటి ఏడాది ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ దక్కింది.

కామిక్స్‌లో 2011లో పుట్టిన మైల్స్ మొరాలెస్ ఇందులో నాయకుడు. బ్రూక్లిన్ కుర్రాడు. తండ్రి నల్లజాతి పోలీసు, తల్లి ప్యూర్టో రికో మూలాలున్న నర్సు. తల్లి స్పానిష్‌లో మాట్లాడితే కింద అనువాదం వేయలేదు. ఇంట్లో మాట ఇంట్లోలాగే వినిపించింది. నాకు చాలా నచ్చిన నిర్ణయం అది.

అసలు పనితనం కదలికలో ఉంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. కంప్యూటర్ యానిమేషన్‌లో సాధారణంగా ప్రతి ఫ్రేముకీ బొమ్మ కదులుతుంది. ఇక్కడ మాత్రం చాలాచోట్ల ఒకే భంగిమను రెండు ఫ్రేములు నిలిపి ఉంచారు. చేత్తో బొమ్మలు గీసే రోజుల నుంచీ ఉన్న పద్ధతే ఇది, కానీ ఇక్కడ దానితో కథ నడిపించారు. మంచు కప్పిన అడవిలో మైల్స్, ఇంకో లోకం నుంచి వచ్చిన స్పైడర్‌మ్యాన్ పీటర్ బి. పార్కర్ సాలెదారాలు పట్టుకుని పారిపోయే ఘట్టం చూడండి. చేయి తిరిగిన పీటర్ ప్రతి ఫ్రేముకీ కదులుతూ జారిపోతుంటాడు. మైల్స్ రెండు ఫ్రేములకోసారి కదులుతూ తడబడుతుంటాడు. ఊగడం ఒంటబట్టేకొద్దీ అతని కదలిక పీటర్‌తో కలుస్తుంది. కారణం తెలియకపోయినా కుర్రాడు నేర్చుకుంటున్నాడని కంటికి తెలిసిపోతుంది.

రంగుల్లోనూ అదే శ్రద్ధ. చౌకగా అచ్చేసిన పాత కామిక్స్‌లో నీడల కోసం వాడిన చుక్కలు ఇక్కడ ముఖాల మీద కనిపిస్తాయి. దూరంగా ఉన్నవాటిని మసకబార్చే బదులు రంగుల్ని విడదీశారు. మన గోడల మీద పాత సినిమా పోస్టర్లలో ఎరుపు ఓ పక్కకి, నీలం ఇంకో పక్కకి జరిగి అచ్చయ్యేది కదా, అచ్చం అలాగే.

ఇవన్నీ ఒకచోట కలిసేది మైల్స్ ఆకాశహర్మ్యం మీంచి దూకే ఘట్టంలో. భయంతో అతని వేళ్లు అద్దానికి అతుక్కుపోయి ఉంటాయి. దూకగానే ఆ అద్దం పగిలి ముక్కలు అతనితోపాటే వస్తాయి. ధైర్యం వచ్చింది గాని భయం పోలేదని ఆ పగుళ్లే చెప్పేస్తాయి. వెంటనే కెమెరా తలకిందులవుతుంది, కింద పడుతున్న కుర్రాడు పైకి లేస్తున్నట్టు కనిపిస్తాడు. సూపర్‌హీరో సినిమాల్లో ఇంత అందంగా తీసిన షాట్లు నేను కొన్నే చూశాను.

ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు కొన్ని చోట్ల చేతులెత్తేయడం బాధ కలిగిస్తుంది. విలన్ కింగ్‌పిన్‌కి బలమైన కారణమే ఉంది: పోగొట్టుకున్న భార్యనూ కొడుకునూ ఇంకో లోకం నుంచి తెచ్చుకోవాలని అతని ఆరాటం. ఆ దుఃఖాన్ని చిన్న గతం ముక్కలో ముగించేశారు. వేరే లోకాల నుంచి వచ్చిన స్పైడర్ వీరులు నోయిర్, పెనీ పార్కర్, పంది రూపంలోని స్పైడర్-హామ్ పరిచయాలు సరదాగా ఉంటాయి, తర్వాత వాళ్లకు పెద్దగా పని లేదు. పతాక ఘట్టంలో రంగులు ఒకదాని మీద ఒకటి కుమ్మరించుకుని ఎవరు ఎక్కడున్నారో తెలియనంత గందరగోళం. అడవిలో ప్రతి కదలికా మైల్స్ గురించి ఏదో ఒకటి చెప్పింది. ఇక్కడ అదే సాంకేతికత కన్ను చెదరగొట్టి ఊరుకుంది.

2023లో తెలుగులోనూ విడుదలైన రెండో భాగం ‘అక్రాస్ ద స్పైడర్‌వర్స్’ పనితనంలో ఇంకో మెట్టెక్కింది. మైల్స్ స్నేహితురాలు గ్వెన్ తన తండ్రితో మాట్లాడుతుంటే ఆమె మనసును బట్టి గోడల మీది నీటిరంగులు కారిపోతూ, మారిపోతూ ఉంటాయి. కానీ కథను నడిమధ్యలో తెంచేసి, ముగింపు మూడో భాగంలో చూసుకోమంది. ఒక కుర్రాడి ఎదుగుదలను ఒకే సినిమాలో నిండుగా చెప్పిన మొదటి భాగమే నా దృష్టిలో ఇప్పటికీ మెరుగు.