పాత చిత్రం, కొత్త పాఠం: దర్శకుడు తన సినిమాను తిరిగి మార్చినప్పుడు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు:
• సాహిత్య విమర్శలోని 'మూలపాఠం', 'పాఠాంతరం' అనే భావనలను సినిమాకు అన్వయించగలుగుతారు.
• పునరుద్ధరణకూ మార్పుకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• మార్చిన చిత్రం మీద అభిమానుల మధ్య జరిగే వాదాలను సకారణంగా అంచనా వేయగలుగుతారు.

1. ప్రస్తావన

2025 అక్టోబరు 31న 'బాహుబలి: ది ఎపిక్' విడుదలైంది. ఇది కొత్త సినిమా కాదు. 2015 జూలై 10న వచ్చిన మొదటి భాగాన్నీ, 2017 ఏప్రిల్ 28న వచ్చిన రెండవ భాగాన్నీ దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి తానే కలిపి, కత్తిరించి, ఒకే చిత్రంగా కూర్చాడు. ఇంచుమించు అయిదున్నర గంటల కథ మూడు గంటల ముప్పావుకు వచ్చింది. ఎవరూ కొత్తగా నటించలేదు. అయినా పదేళ్లుగా ఆ చిత్రాలను ప్రేమించిన ప్రేక్షకులు రెండు పక్షాలయ్యారు. కథ బిగువుగా నడిచిందని కొందరు సంతోషించారు. తమకు ఇష్టమైన పాటలూ, ఒక ముఖ్య పాత్రా పోయాయని మరికొందరు బాధపడ్డారు.

ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో ఉండి ఈ పాఠం చదువుతున్న మీరు కూడా ఇటువంటి వాదం వినే ఉంటారు. 'తీసినవాడి ఇష్టం, నువ్వెవరు అడగడానికి?' అని ఒకరంటారు. 'మేము గుండెల్లో పెట్టుకున్న సినిమా, అతనొక్కడిదే ఎట్లవుతుంది?' అని మరొకరంటారు. సాధారణంగా వాదం ఇక్కడే ఆగిపోతుంది. ఎవరి ఇష్టం వాళ్లది అనుకుని లేచిపోతారు. విమర్శ మాత్రం ఇక్కడి నుంచే మొదలుకావాలి. ఏది పోయింది, ఏది వచ్చింది, దానివల్ల కథార్థం ఎట్లా మారింది అని అడగడం విమర్శకుడి పని.

2. పాఠాంతరం: మన సాహిత్యం నేర్పిన పద్ధతి

ఒకే రచన ఒకటికన్నా ఎక్కువ రూపాల్లో దొరకడం తెలుగువారికి కొత్త కాదు. ఈ జిల్లాకు కేంద్రమైన కడపలోనే సి.పి. బ్రౌన్ తన బంగళాలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి దొరికిన వేర్వేరు వ్రాతప్రతులను పక్కపక్కన పెట్టించి పోల్చి చూపించాడు. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరొకదానిలో ఉండదు. ఒకచోట ఉన్న మాట మరోచోట మారుతుంది. ఈ భేదాలనే పాఠాంతరాలు అంటాం. పరిష్కర్త ఏ పాఠాన్ని స్వీకరించినా, తక్కిన పాఠాలను దాచిపెట్టకుండా చూపడం మంచి పరిష్కరణ లక్షణం.

రచయితే తన రచనను మార్చిన సందర్భానికి గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' చక్కని ఉదాహరణ. ఆ నాటకం 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండవ కూర్పు దాదాపు కొత్త నాటకమే. పరిమాణం బాగా పెరిగింది. మధురవాణి పాత్ర ఎంతో విస్తరించింది. ఈనాడు మనం చదివేదీ, ప్రదర్శించేదీ ఆ రెండవ కూర్పునే. రచయిత తన రచనను తిరిగి ముట్టుకోకూడదని నియమం పెడితే మనకు ఈ మధురవాణి దక్కేది కాదు.

అయితే కథలో రెండవ సగం కూడా గమనించండి. మరుగున పడిన తొలి కూర్పును బంగోరె 'మొట్టమొదటి కన్యాశుల్కం' పేరుతో 1969లో తిరిగి ప్రచురించాడు. అది లేకపోతే గురజాడ ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాడో మనకు తెలిసేది కాదు. మధురవాణి పెరిగిందని చెప్పడానికి ఆధారమే ఉండేది కాదు. ఈ ఉదాహరణ నుంచి రెండు సూత్రాలు గ్రహించవచ్చు. మొదటిది, మార్చడం తప్పు కాదు. రెండవది, మార్చిన రూపం ఎంత గొప్పదైనా తొలిరూపం అందుబాటులో ఉండాలి.

3. అన్ని మార్పులూ ఒకటి కావు

పాత చిత్రాన్ని తిరిగి విడుదల చేసేటప్పుడు జరిగే పనులను మూడు రకాలుగా విభజించుకోవచ్చు.

3.1 పునరుద్ధరణ: సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369' కాలయంత్రం చుట్టూ అల్లిన కథ. తెలుగులో వైజ్ఞానిక కల్పన అనగానే అందరికీ గుర్తొచ్చే చిత్రం. అది 2025 ఏప్రిల్‌లో 4కె స్పష్టతతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఇక్కడ ప్రధానమైన పని బొమ్మనూ ధ్వనినీ మెరుగుపరచడం. జమ్మలమడుగు దగ్గరి గండికోటలో శిథిలమవుతున్న గోడ కూలిపోకుండా నిలబెట్టడం లాంటిది ఇది. గోడ నిలబడుతుంది కాని, కోట ఆకారం మారదు.

3.2 ఇతరులు చేసే మార్పు: 1957లో విడుదలైన 'మాయాబజార్' నలుపు తెలుపు చిత్రం. దర్శకుడు కె.వి. రెడ్డి. నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లావాడు. ఆయన అన్న, 'మల్లీశ్వరి' దర్శకుడు బి.ఎన్. రెడ్డి పుట్టింది పులివెందుల ప్రాంతంలో. హైదరాబాదుకు చెందిన ఒక సంస్థ 2010 జనవరిలో 'మాయాబజార్'కు రంగులద్ది విడుదల చేసింది. అప్పటికి దర్శకుడు కె.వి. రెడ్డి లేడు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే లేడు, నాగిరెడ్డీ లేడు. బార్ట్‌లే వెన్నెలను నలుపు తెలుపుల మధ్య ఉండే లెక్కలేనన్ని ఛాయలతో సృష్టించాడు. రంగు వేసినప్పుడు ఆ ఛాయల నిర్ణయం వేరొకరి చేతికి పోయింది. పైగా నిడివి తగ్గింది. పద్యాలు చాలావరకు పోయాయి. పద్యనాటకం మీద పెరిగిన ప్రేక్షకుల కోసం తీసిన చిత్రంలో పద్యం పోవడం చిన్న విషయం కాదు. అయినా రంగుల ప్రతి వల్ల ఒక కొత్త తరం థియేటరుకు వచ్చి ఘటోత్కచుణ్ణి చూసింది. ఈ లాభనష్టాలు రెండూ నిజమే. నలుపు తెలుపు ప్రతి ఇప్పటికీ దొరుకుతున్నది కనుక మనం రెండింటినీ పోల్చి మాట్లాడగలుగుతున్నాం.

3.3 కర్తే చేసే పునఃకూర్పు: 'బాహుబలి: ది ఎపిక్' ఈ కోవకు చెందుతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు వెళ్లిన ఎవరికైనా ఈ పని తెలుసు. పాత నగను కరిగించి కొత్త నగ చేయిస్తాం. బంగారం అదే. కాని పాత పనితనం పోతుంది, తరుగు కూడా ఉంటుంది. కొత్త నగ బాగుండవచ్చు. తరుగు ఎంత, అది ఎక్కడ పోయింది అని అడగడం మాత్రం కొన్నవాడి హక్కు. సినిమాకు ఒక సౌకర్యం ఉంది. పాత నగను కరిగించకుండానే కొత్తది చేయవచ్చు. అందువల్ల పాతదాన్ని పోగొట్టడానికి ఇక్కడ సాకు లేదు.

4. తీసివేతల పరిశీలన

నిడివి తగ్గించి, కథను నడిపే అంశాలకే ప్రాధాన్యం ఇవ్వడం కోసం కత్తిరించానని దర్శకుడు చెప్పాడు. అవంతికతో శివుడి ప్రేమకథలో ఎక్కువ భాగం, 'పచ్చబొట్టేసిన', 'మనోహరి', 'కన్నా నిదురించరా' పాటలు, యుద్ధ దృశ్యాలలో కొంత భాగం తొలగిపోయాయి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టకుండా విడివిడిగా చూద్దాం.

'మనోహరి' పాట పోవడం వల్ల కథకు వచ్చిన లోటు లేదు. అది ఆనాటి వాణిజ్య చిత్రాల అలవాటు కొద్దీ పెట్టిన నృత్యగీతం. దాన్ని తీసేస్తే నడక చురుకైంది.

'కన్నా నిదురించరా' సంగతి వేరు. అది కుంతల రాజ్యంలో దేవసేన వ్యక్తిత్వాన్ని, ఆమెకూ అమరేంద్రుడికీ మధ్య పెరుగుతున్న అనురాగాన్ని చూపే పాట. తరువాత ఆమె మాహిష్మతి సభలో తలవంచకుండా నిలబడుతుంది. ఆమె వెంట ఆయన రాజ్యాన్నే వదులుకుంటాడు. ఆ త్యాగం బరువు తెలియాలంటే దానికి ముందున్న ప్రేమకు కొంత వ్యవధి కావాలి. ఈ పాట తీసివేత వల్ల కథ ఆగదు, కాని త్యాగం కొంచెం తేలికవుతుంది.

అవంతిక విషయం అన్నిటికన్నా జటిలమైనది. 2015 చిత్రంలో శివుణ్ణి జలపాతం పైకి లాగినది ఆమె ముసుగు. ఆమె తిరుగుబాటు దళంలో యోధురాలు. దేవసేనను విడిపించడం ఆమె లక్ష్యం. శివుడు ఆ లక్ష్యాన్ని తనదిగా స్వీకరించి మాహిష్మతిలో అడుగుపెడతాడు. అంటే మహేంద్ర బాహుబలి తన తల్లిని విడిపించింది ఆమె తన తల్లి అని తెలిసి కాదు, తాను ప్రేమించిన స్త్రీ మాట కోసం. కథలోని అందం అదే. ఆమె భాగాన్ని కుదించినప్పుడు ఆ కారణం బలహీనపడి, నెత్తుటి సంబంధమూ విధీ ముందుకు వస్తాయి. ప్రేమ నుంచి కర్తవ్యానికి సాగిన కథ వారసత్వ కథగా మారుతుంది.

దీనికి మరో వైపు కూడా ఉంది. 'పచ్చబొట్టేసిన' పాటలో, దానికి ముందటి సన్నివేశంలో నాయకుడు ఆ యోధురాలి ఇష్టంతో పని లేకుండా ఆమె వేషం విప్పి, అలంకరించి, 'ఆడదానిగా' చూపిస్తాడు. దీనిమీద 2015లోనే తీవ్రమైన విమర్శ వచ్చింది. చాలామంది స్త్రీలు ఆ విమర్శతో ఏకీభవించారు. చాలామంది అభిమానులు కోపగించారు. కొత్త కూర్పులో ఆ ఘట్టం లేదు. అది లేకపోవడం వల్ల చిత్రానికి మేలే జరిగిందని ఈ రచయిత అభిప్రాయం. కాని జరిగినదాన్ని జాగ్రత్తగా చూడండి. ఆమెకు జరిగిన అన్యాయంతో పాటు ఆమె కూడా చాలావరకు వెళ్లిపోయింది. తప్పుపడిన అక్షరాన్ని దిద్దడం వేరు, ఆ పేజీనే చింపడం వేరు. గురజాడ రెండవ కూర్పులో మధురవాణి పెరిగింది. రాజమౌళి కొత్త కూర్పులో అవంతిక తరిగింది.

ఇంకొకటి కత్తెరకు సంబంధం లేని నష్టం. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015 నుంచి 2017 దాకా ఇంటింటా, బస్టాండుల్లో, టీ అంగళ్ల దగ్గర నలిగింది. అంతమంది కలిసి ఊహించడం కూడా ఆ చిత్రానుభవంలో భాగమే. ఒకే చిత్రంలో జవాబు వెంటనే వస్తుంది. దానికి దర్శకుణ్ణి తప్పుపట్టలేం. అయితే ఒక కళాకృతి అర్థంలో ప్రేక్షకుల కాలం, ఎదురుచూపు కూడా కలిసి ఉంటాయని ఇది రుజువు చేస్తుంది.

5. కర్త హక్కు, ప్రేక్షకుడి హక్కు

ఈ వాదం ప్రపంచంలో అన్నిటికన్నా గట్టిగా జరిగింది అమెరికన్ దర్శకుడు జార్జ్ లూకాస్ 'స్టార్ వార్స్' విషయంలో. 1977లో వచ్చిన తొలి చిత్రాన్ని, దాని తరువాతి రెండింటిని ఆయన 1997లో మార్చి విడుదల చేశాడు. ఆనాటి సాంకేతికత, డబ్బు చాలక అసంపూర్తిగా మిగిలినవాటిని పూర్తిచేస్తున్నానని ఆయన వాదన. అభిమానులకు అన్నిటికన్నా కష్టం కలిగించినది చిన్న మార్పు. హాన్ సోలో అనే పాత్ర తొలి చిత్రంలో తనను చంపవచ్చిన శత్రువును ముందుగా కాలుస్తాడు. మార్చిన చిత్రంలో శత్రువే ముందు కాలుస్తాడు. ఆ కొద్ది క్షణాలతో స్వార్థపరుడైన దొంగరవాణాదారు మొదటి నుంచీ మంచివాడే అయిపోయాడు. చెడ్డవాడు మంచివాడుగా మారే కథ పలుచబడిందని అభిమానులు బాధపడ్డారు. అది మొండితనం కాదు, సరైన పాత్రవిమర్శ.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనించాలి. నలుపు తెలుపు చిత్రాలకు రంగులద్దే వ్యాపారం అమెరికాలో జోరుగా ఉన్న రోజుల్లో, 1988లో, ఇదే లూకాస్ చిత్రాల రూపం మార్చడాన్ని వ్యతిరేకిస్తూ అక్కడి చట్టసభ ముందు మాట్లాడాడు. కర్త కానివాడు మార్చకూడదన్నది ఆయన వాదం అనుకున్నా, ఫలితం ప్రేక్షకుడికి ఒకటే. ఆయన మార్చిన తరువాత 1977 నాటి రూపం మంచి ప్రతిగా దొరకడం ఏళ్ల తరబడి కష్టమైంది. అభిమానుల ఫిర్యాదులో బలమైన భాగం ఇదే. 'ఎందుకు మార్చావు' అన్నది రుచికి సంబంధించిన ప్రశ్న. 'పాతది ఎందుకు దొరకదు' అన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

ఇది మనకు దూరపు సంగతి కాదు. తెలుగు తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 నాటిది. దాని ప్రతి ఈనాడు లేదు. ఆ చిత్రం గురించి మనం చేయగలిగిన విమర్శ ఇతరుల మాటల మీద ఆధారపడినదే. పాతది కాపాడని చోట పోయిన చిత్రం ఒక్కటే కాదు. దాన్ని సొంతంగా చూసి అభిప్రాయం ఏర్పరచుకునే మీ హక్కు కూడా పోతుంది.

6. విమర్శకుడు అడగవలసిన ప్రశ్నలు

మార్చిన చిత్రం ఎదురైనప్పుడు ఈ నాలుగు ప్రశ్నలను వరుసగా వేసుకోండి.
(అ) మార్చినది ఎవరు? కర్తా, ఇతరులా?
(ఆ) మార్చినది ఏమిటి? బొమ్మ నాణ్యతా, కథా, పాత్రా?
(ఇ) ఆ మార్పు వల్ల పాత్రల ప్రవర్తనకు కారణాలు ఎట్లా మారాయి?
(ఈ) తొలిరూపం నేటి ప్రేక్షకుడికి దొరుకుతుందా?

మొదటి మూడు ప్రశ్నలకు జవాబులను బట్టి మార్పు మంచిదా కాదా అని వాదించవచ్చు. నాలుగవదానికి 'లేదు' అన్న జవాబు వస్తే ఆ వాదమే సాగదు.

7. సారాంశం

కర్తకు తన రచనను మార్చే హక్కు ఉంది. 'కన్యాశుల్కం' దానికి నిదర్శనం. ప్రేక్షకుడికి తొలిరూపంతో పోల్చి చూసే హక్కు ఉంది. 'మొట్టమొదటి కన్యాశుల్కం' దానికి నిదర్శనం. పునరుద్ధరణ, ఇతరుల మార్పు, కర్త పునఃకూర్పు అనేవి మూడు వేర్వేరు పనులు. 'బాహుబలి: ది ఎపిక్'లో కొన్ని తీసివేతలు మేలు చేశాయి, కొన్ని పాత్రల బలాన్ని తగ్గించాయి. అభిమానుల అసంతృప్తిని మూర్ఖాభిమానంగా కొట్టివేయక, అందులోని విమర్శను వెలికి తీయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పునరుద్ధరణకూ పునఃకూర్పుకూ తేడా ఏమిటి? ఒక్కొక్క ఉదాహరణతో పది పంక్తుల్లో రాయండి.
2. అవంతిక భాగాన్ని కుదించడం వల్ల శివుడి పాత్రలో వచ్చిన మార్పును చర్చించండి. ఈ పాఠంలోని అభిప్రాయంతో మీరు విభేదిస్తే కారణాలు చూపండి.
3. 'మాయాబజార్'ను నలుపు తెలుపుల్లో చూసిన పెద్దవారిని ఒకరిని మీ ఊళ్లో కలవండి. రంగుల ప్రతిలో వారికి ఏది కొత్తగా తోచిందో, ఏది లేదనిపించిందో అడిగి, మీరు రెండు ప్రతులనూ చూసి పోల్చి ఒక పుటకు మించకుండా రాయండి.