నాగజెముడు నెత్తురు

మొదట నువ్వు తెల్లగా ఉన్నావు. నాగజెముడు మట్టల మీద ఎవరో పిండి చల్లి పోయినట్టు, ఊదితే ఎగిరిపోయేట్టు. నా నేస్తం ముళ్ళ సందున వేలు పోనిచ్చి ఒక తెల్లని చుక్కను గిల్లింది. నా అరచేతిలో పెట్టి "నలిపి చూడు మే" అంది.

నలిపాను. అరచేయంతా నువ్వే.

ఎరుపూ, నిన్ను అట్లా కలిశాను. మినపగింజంత లేని పురుగు, ఇంతటి నిన్ను ఎక్కడ దాచుకుంది? కుంకుమ కావు, పారాణి కావు, పండిన గోరింటాకువీ కావు. నీకు తగిన మాట కోసం నా భాషంతా తడుముకున్నాను. మెక్సికోలోని నహువా జనం ఆ మాటను ఏనాడో పట్టుకున్నారు. నొచెస్త్లి అన్నారు నిన్ను. నాగజెముడు నెత్తురు అని.

మా ఊరికీ నా నేస్తం ఉండే వహాకాకీ మధ్య 11 గంటల 30 నిమిషాల పొద్దు తేడా. నేను సందె దీపం పెట్టే వేళకు తను వాకిట్లోకి వచ్చి మొదటి కాఫీ తాగుతుంది. దూరమైన ఈ 19 ఏళ్ళూ మా స్నేహమంతా ఒకరి ఆవులింతకూ ఒకరి కాఫీకీ నడుమే గడిచింది. చివరికి ఒకనాడు ఫోనులో అంది: "ఇక్కడ రంగులు నూరడం నేర్పుతారంట, అయిదు రోజులు. నువ్వొస్తే నేనూ కూర్చుంటా." అంతే, బయల్దేరాను. మెక్సికో నగరంలో విమానం దిగి, రాత్రి బస్సెక్కి, చీకట్లో కొండలన్నీ మలుపుల లెక్కన దాటి, తెల్లారేసరికి సముద్రానికి 1500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న ఆ లోయలో దిగాను. బస్టాండులో తను నిలబడి ఉంది. తల నెరిసింది. నడక మాత్రం మారలేదు. ఏమీ మాట్లాడకుండా నా చేతిలోని సంచీ లాక్కుని ముందు నడిచింది. ఆ వీపు చూస్తూ నడుస్తుంటే కళ్ళు నిండాయి.

తన ఇంట్లో మొదట నాకు అందిన గ్లాసులో కూడా ఎరుపే. ఎండిన పూతొడుగులు మరగబెట్టి, వడగట్టి, చక్కెర కలిపి చల్లార్చిన నీళ్ళు. హమైకా నీళ్ళంటారు వాటిని. ఒక్క గుక్కకే పళ్ళు పులిశాయి, ప్రాణం లేచి వచ్చింది. "గోంగూర!" అన్నాను. "మన ఎర్రగోంగూరే. ఆకు మనం తిన్నాం, పూతొడుగు వీళ్ళు తాగినారు" అంది. ఆఫ్రికాలో పుట్టిన మొక్క రెండు వైపులకూ నడిచి వచ్చి ఆ పొద్దున మా ఇద్దరి మధ్య కలుసుకుంది. అక్టోబరు చివరి రోజులు. అంగడి నిండా బంతి పూల మోపులు. ఇక్కడ పుట్టి మన గుమ్మాల దాకా వచ్చిన పువ్వు, పుట్టిన చోట చనిపోయిన పెద్దలకు ఇంటిదారి చూపుతోంది. మిరప అట్లాగే, టమాటా అట్లాగే. మా అమ్మ వంటింట్లో సగం ఎరుపు ఈ నేల ఇచ్చిందేనని ఆ అంగడిలో నిలబడి తెలుసుకున్నాను.

వహాకాకు సుమారు 30 కిలోమీటర్ల దూరాన తెయోతిత్లాన్ దెల్ వాయే. జపోతెక్ నేతగాళ్ళ ఊరు. ఇంటింటా మగ్గం, గోడకు ఆరేసిన ఉన్ని చిలపలు. మాకు నేర్పిన పెద్దావిడ మనవడితో జపోతెక్‌లో, మాతో స్పానిష్‌లో మాట్లాడేది. ఆ స్పానిష్ నా నేస్తం నోట తెలుగై నాకు చేరేది. ఆవిడ ముందు వాలుగా ఒక రాయి ఉంది, మూడు కాళ్ళది. మెతాతె అంటారు. మా అమ్మమ్మ సన్నెకల్లుకు కాళ్ళు మొలిచినట్టుంది. దాని మీద ఎండిన పురుగులు గుప్పెడు పోసింది. బూడిదరంగు గింజలు. గుండ్రాయి అటూ ఇటూ నాలుగు సార్లు తిరిగిందో లేదో, బూడిదలోంచి నల్లెరుపు పైకి తేలింది.

ఆవిడ చెబుతుంటే విన్నాను నీ జన్మ. మగపురుగుకు రెక్కలుంటాయి, నాలుగు రోజులు ఎగిరి పోతుంది. రంగంతా ఆడదానిదే. రెక్కలు లేనిది, ఒకసారి మట్టను పట్టుకుంటే ఇక కదలనిది. చీమల్లాంటివి మీద పడకుండా ఒంట్లో ఒక ఆమ్లాన్ని నింపుకుంటుంది. ఆ ఆమ్లమే నువ్వు. ఎండిన పురుగు బరువులో దాదాపు 5వ వంతు నువ్వే. మట్టకు అతుక్కున్నాక సుమారు మూడు నెలలకు కోత. కిలో కావాలంటే లక్షకు పైగా పురుగులు. ఆ లెక్క విన్నాక నా చేతిలో కుంచె బరువెక్కింది. ఆ తర్వాత కుంచె ముంచిన ప్రతిసారీ మనసులో దండం పెట్టుకునే ముంచాను.

చిన్న గిన్నెల్లో పోసిన నీ మీద ఆవిడ నిమ్మకాయ పిండింది. నారింజ పండువయ్యావు. చాకలి సోడా చిటికెడు వేసింది. నేరేడు పండువయ్యావు. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని, అదే పారాణి అని పుట్టినప్పటి నుంచి తెలిసినదాన్ని. సున్నపుతేట తగిలితే నువ్వు ఊదాగా మారడం చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఒకే పురుగులోంచి ఇన్ని పొద్దులు! ఉదయమూ నువ్వే, సందె కూడా నువ్వే.

అప్పుడు ఆవిడ ఒక తెల్లని గడ్డను నీళ్ళల్లో కరిగించింది. నేనూ తనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పటిక!

శ్రీకాళహస్తిలో మేమిద్దరం పక్కపక్కన కూర్చుని కలంకారీ నేర్చుకున్న ఏడాది మా చేతులెప్పుడూ పటిక నీళ్ళల్లోనే. అక్కడ ఎరుపు రంగును ఎవరూ నేరుగా వేయరు. ఎరుపు ఎక్కడ కావాలో అక్కడ పటిక నీళ్ళు పెడతారు. పెట్టింది కంటికి ఆనదు. స్వర్ణముఖిలో జాడించి, మంజిష్ఠ, చిరివేరు ఉడికే నీళ్ళల్లో గుడ్డను వేస్తే, పటిక ఉన్న చోటల్లా ఎరుపు వచ్చి కూర్చుంటుంది. ఇక్కడా అంతే. ఉన్నికి నిన్ను అంటించేది పటికే. నిన్ను నీళ్ళలోంచి విడదీసి అడుగున మెత్తని మడ్డిలా దించేదీ పటికే. ఆ మడ్డిని గుడ్డలో వడగట్టి, ఆరబెట్టి, తుమ్మజిగురుతో నూరితే చిత్రానికి రంగు. నూరడమే రెండు పూటలు పట్టింది. "తొందరపడితే నీళ్ళే మిగుల్తాయంట" అని తను నా చెవిలో అంది.

మాకు ఇచ్చిన కాగితం కూడా చెట్టే. అమాతె అంటారు. మన మర్రికీ మేడికీ చుట్టాలైన చెట్ల లోపలి బెరడును ఉడకబెట్టి, పేలికలుగా పేర్చి, రాతితో కొట్టి కొట్టి కలిపేసినది. ప్వెబ్లా కొండల్లోని సాన్ పాబ్లితోలో ఓతోమీ జనం దాన్ని ఇప్పటికీ చేస్తున్నారు. టీ రంగు కాగితం, నారలు కళ్ళకు కనబడుతూ. దాని మీద నిన్ను పెట్టిన మొదటి గీత నాలుగు వైపులా పాకకుండా నారను పట్టుకుని నిలబడింది. పుచ్చకాయ ముక్క వేశాను. వహాకా నగరంలోనే 1899లో పుట్టిన రుఫీనో తమాయో పుచ్చకాయలను ఎన్నిసార్లు వేశాడో! అమ్మ పోయాక మెక్సికో నగరంలో పిన్నమ్మ దగ్గర పెరుగుతూ పండ్లు అమ్మిన పిల్లాడాయన. పండు లోపలి ఎరుపును చేత్తో తూచినవాడికే అట్లాంటి ఎరుపు దొరుకుతుంది.

నీ కోసం ఎంత లోకం కదిలింది! అజ్టెక్ పాలకులకు నిన్ను కప్పంగా మూటలు కట్టారు. 1521లో వాళ్ళ నగరం కూలాక స్పెయిన్ ఓడలెక్కావు. ఇక్కడి నుంచి పోయిన సరుకుల్లో వెండి తర్వాత నీదే విలువ. గింజవో పురుగువో తేల్చుకోలేక యూరప్ చాలాకాలం తల పట్టుకుంది. మా వైపుకూ నిన్ను రప్పించాలని చూశారు. 1780ల్లో మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు సైదాపేటలో జెముడు తోట వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి పురుగూ వచ్చింది. కానీ అది నువ్వు కాదు, నీ జాతిలోనే ఇంకొకటి. మంచి రంగు ఇవ్వలేదు సరికదా, ఆ జెముళ్ళనే తినేసింది. ఆ తర్వాత 1856లో మొదలైన సీసాల్లోని రసాయన రంగులు నీ అంగడినే మూయించాయి. మా పొలం గట్టున కంచెగా ఉన్న నాగజెముడు పక్కనుంచే నేను రోజూ బడికి నడిచాను. దాని పండు తిని నాలుక ఎర్రచేసుకున్నాను. నీ ఊసు తెలియని నాగజెముడు అది. దానికి నీ మాట ఇక నేను చెప్పాలి.

చివరి రాత్రి తను పెట్టె అడుగు నుంచి ఒక గుడ్డ తీసింది. కాళహస్తి నాటిది. కరక్కాయ పాలల్లో ముంచి ఆరేసిన గాడా, కసిమితో గీసిన నల్లగీతలు. ఒక చెట్టు, కొమ్మకొమ్మకూ పిట్టలు. పటిక పెట్టింది, ఏటిలో జాడించింది, ఉడకేసేలోపు పెళ్ళి కుదిరి ఈ దేశం వచ్చేసింది. ఏ పిట్టకు పటిక పెట్టిందో, దేనికి పెట్టలేదో తనకే గుర్తు లేదు. పొయ్యి మీద నిన్ను మరగబెట్టాం. గుడ్డను మెల్లగా దించి కట్టెతో కలుపుతూ ఒకరి పక్కన ఒకరం నిలబడ్డాం.

గుడ్డంతా లేత గులాబీ పట్టింది. తర్వాత ఒక కొమ్మ మీద పువ్వులు. ఆ తర్వాత జంట పిట్టలు, చిలక ముక్కు, పండు. మా ఊరి వేరు ఇచ్చే ఇటుక ఎరుపు కాదు అది, నీదైన ఎరుపు. ఒక మూలన చిన్న పిట్ట మాత్రం గీత దాటి, రెక్క పక్కనంతా ఎర్రగా పారింది. తను వంగి చూసి, తడి చేత్తో నా భుజం పట్టుకుంది.

"ఇది నువ్వు పెట్టిందే మే. ఆపొద్దు నాకు జ్వరం."

నాకు గుర్తొచ్చింది. గుడ్డ చివర పట్టుకుని, ఆ పిట్టను వేడినీళ్ళల్లోకి మళ్ళీ ఒకసారి దించాను.