పురుషోత్తమ చౌదరి కీర్తనలు: విశ్వాస పోషణము

తెలుగు క్రైస్తవ సంఘములలో పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తన వినబడని సంఘము అరుదు. సాహిత్య చరిత్రలలో మాత్రము ఆయనకు లభించిన చోటు ఒకటి రెండు వాక్యములకు మించదు. ఇది మతప్రచార సాహిత్యమని విమర్శకులు ప్రక్కన పెట్టిరి. ఆరాధనకు పాడుకొను పాటను పరీక్షింప నేల యని భక్తులు ఊరకుండిరి. ఈ రెండు విధములైన ఉపేక్షవలనను నష్టపోయినది కవి కీర్తి యొక్కటియే కాదు. పుట్టిన మతమును విడిచి క్రొత్త విశ్వాసమును స్వీకరించిన మనుష్యుడు, స్వీకరించిన పిమ్మట దానిని దినదినము ఎట్లు కాపాడుకొనునో తెలుపు రచన తెలుగులో నున్నదను సంగతియే మరుగుపడినది.

చౌదరిది వంగదేశమునుండి వచ్చి కళింగసీమలో స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబము. ఆయన పుట్టి పెరిగినది పర్లాకిమిడి ప్రాంతము. వంశము వంగము, ఇరుగుపొరుగు ఒడియా, కవిత్వమునకు ఎన్నుకొన్న భాష తెలుగు. 1805లో లండన్ మిషను వారు విశాఖపట్టణమున పని ప్రారంభించిరి. 1822లో ఆంగ్లేయ బాప్తిస్టులు కటకము చేరిరి. ఈ రెండు కేంద్రముల నడుమ నున్న దేశమున ముద్రిత కరపత్రములు ఊరూర తిరిగిన కాలమది. అట్టి చిన్న పుస్తకముల పఠనమే చౌదరి మనస్సును మొదట కదలించినది. 1833లో, ముప్పది యేండ్ల వయస్సున, ఆయన కటకములో బాప్తిస్మము పొందెను. అటుపిమ్మట ఏబది యేడేండ్లు జీవించి, బోధకుడుగా గంజాము, విశాఖపట్టణ మండలముల తెలుగువారి నడుమ తిరిగెను. 1936లో ఒడిశా రాష్ట్ర మేర్పడినపుడు పర్లాకిమిడి, బరంపురము అందు చేరినవి. నేడు ఆ పట్టణములలో నున్న తెలుగువారికి ఈయన తమ గడ్డమీది కవి.

మతాంతరీకరణ కథలు సాధారణముగా బాప్తిస్మముతో ముగియును. సందేహము, సంఘర్షణ, బంధువుల కోపము, చివరకు నీటిలో మునుగుట. అంతటితో కథకుని పని తీరును. మరునాటి ఉదయము ఆ మనుష్యుడు ఏమి తలచుకొని లేచెనో కథకుడు చెప్పడు. చౌదరి కీర్తనలలో ముఖ్యమైనవి ఆ మరునాటికి చెందినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున ఆయనవి నూరింటికి పైబడి యున్నవని ప్రసిద్ధి. ఆ గ్రంథము స్తుతి, పశ్చాత్తాపము, ప్రార్థన మొదలగు విషయముల ననుసరించి కూర్చబడినదే గాని రచనాకాలము ననుసరించి కాదు. కాబట్టి ఒక కీర్తన ముందున్నదని అది యౌవనమున వ్రాసినదనియు, మరొకటి వెనుకనున్నదని వార్ధక్యమున వ్రాసినదనియు చెప్పుట సాహసము. చెప్పదగినది వేరు. విశ్వాసి మనస్సుకు కలుగు భిన్నావస్థలు ఆ కీర్తనలలో దేని కది విడివిడిగా నిలిచి యున్నవి.

వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ‘త్రాహిమాం’ అను కీర్తన. దీని భాష క్రొత్తది కాదు. త్రాహి యనుట, దేహి యనుట, పాదములే దిక్కనుట, కర్మేంద్రియములకు లోబడితినని మొరపెట్టుట, ఇవన్నియు ఆ కవి బాల్యమునుండి విన్న మాటలు. క్రొత్త విశ్వాసమునకు క్రొత్త నిఘంటువు కావలెనని ఆయన భావింపలేదు. కాని మాటలు పాతవైనను వాని బరువు మారినది. సాంఖ్యయోగ గ్రంథములలో కర్మేంద్రియములు సాధకుడు నిగ్రహింపవలసిన సాధనములు. నిగ్రహించు శక్తి అతనికి కలదను నమ్మిక ఆ బోధకు ఆధారము. ఈ కీర్తనలో పాడువాడు ఆ శక్తి తనకు లేదని ఒప్పుకొనుచున్నాడు. సాధకుడుగా నిలువవలసిన చోట ఋణగ్రస్తుడై నిలిచినాడు. రామదాసు కీర్తనలతో పోల్చినచో మరియొక భేదము తోచును. చెరసాలలోని రామదాసు దేవుని నిలదీయును, లెక్కలు చెప్పి దెప్పును. ఆ చనువే ఆయన భక్తికి అందము. చౌదరి ఇచ్చట ఆ దెప్పుట నంతయు తనవైపునకే త్రిప్పుకొనెను. చనువు తగ్గినది, నిజాయితి పెరిగినది. ఏది గొప్ప యని అడుగుట వ్యర్థము.

ఈ పశ్చాత్తాపము బాప్తిస్మమునకు పూర్వపు జీవితమును గూర్చినదని కొందరు తలంతురు. ఆ యర్థము కుదురును గాని చాలదు. ఈ కీర్తనను పాడువారు సంఘములో పుట్టి పెరిగినవారు, తాతల కాలమునుండి క్రైస్తవులు. వారి నోట ‘త్రాహి’ యను మాట గతమును గూర్చిన నివేదిక కాజాలదు. ఒకసారి క్షమింపబడినవాడు మరల మరల వచ్చి నిలుచు గుమ్మ మది.

‘దేవ సంస్తుతి చేయవే మనసా’ అను కీర్తన వేరొక అవస్థకు చెందినది. దీనికి మూలము నూట మూడవ కీర్తన, దావీదు పేర నున్నది. నేడు వాడుకలోనున్న తెలుగు బైబిలులో ఆ కీర్తనకారుడు తన ‘ప్రాణము’ను సంబోధించును. చౌదరి ‘మనసా’ యని పిలిచెను. మాట చిన్నదైనను మార్పు చిన్నది కాదు. త్యాగరాజు కృతులు విన్న చెవికి మనస్సు ఎదురుగా కూర్చున్న శిష్యుని వంటిది, బుజ్జగింపవచ్చును, మందలింపవచ్చును. హెబ్రీ కీర్తనలోని ముఖ్య విషయము దేవుని ఉపకారములను మరువకుమను హెచ్చరిక. మరచునది మనస్సే గదా. ఆ హెచ్చరికకు తెలుగు సంప్రదాయమున తగిన శ్రోతను వెదకి పట్టుకొనుట చౌదరి ప్రతిభ. విశ్వాసమును పోషించుట యనగా క్రొత్త యనుభూతులను కూడబెట్టుట కాదనియు, మరపుతో నిత్యము పోరాడుట యనియు ఈ కీర్తన స్వరూపమే తెలుపుచున్నది. పల్లవి ప్రతి చరణము చివరను తిరిగి వచ్చి అదే పని చేయును.

ఆయన రచన లన్నియు ఈ స్థాయిలో నిలువవు. ‘నిస్తార రత్నాకరము’, ‘కులాచార పరీక్ష’ వంటి గ్రంథములలో వాదము ముందు నడచును, కవిత్వము వెనుకబడును. కొన్ని కీర్తనలలో సైతము సిద్ధాంతమంతయు చెప్పవలెనను తొందరచే చరణములు బరువెక్కినవి. అయినను ‘కులాచార పరీక్ష’ను త్రోసివేయరాదు. కులమున అగ్రస్థానమున పుట్టినవాడు కులమును ప్రశ్నించుట ఆ కాలమున మాటలతో తీరు పని కాదు. పంక్తి భోజనము మొదలు వియ్యము వరకు దాని ఫలితము ననుభవింపవలెను. హృదయములో మొరపెట్టిన ‘త్రాహి’ వీధిలో ఎట్లు నడచునో ఈ గ్రంథము వలననే తెలియును. జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమి బహుమానము లభించినందున క్రైస్తవ వస్తువు తెలుగు పద్యమున గౌరవము పొందినది. అది చదువుకొను కావ్యము. చౌదరి కీర్తన పదిమంది కలిసి, అందులో సగము మంది అక్షరము రానివారై, పాడుకొనుటకు పుట్టినది. రెంటికిని ఒకే తూనికరాయి చాలదు.

గ్రంథమున రాగతాళములు పేర్కొనబడియున్నను, ఆ రాగములోనే పాడువారు నేడు కొద్దిమంది. ఊరికొక బాణీ వచ్చినది. ఇది పెద్ద నష్టము కాదు. పాట బ్రతుకుట కది ఒక మార్గము. మాటల విషయము వేరు. తెలుగు లిపి రాని పిల్లలు, ఒడిశాలోనే కాక కన్నడ, తమిళ దేశములలోను, ఈ కీర్తనలను చెవితో నేర్చి పాడుదురు. ‘త్రాహి’ యన నేమియో అడిగినచో చెప్పలేరు. కఠిన పదములను తొలగించి సులభ పదములు పెట్టవలెనను వాదము అచ్చటచ్చట వినవచ్చుచున్నది. అట్లు చేసినచో పాడువాని గొంతునుండి ఆ కవి తాతముత్తాతల భక్తిభాష జారిపోవును, మిగులునది ఏ దేశమునకును చెందని ఒక సాధారణ ప్రార్థన. పదమును మార్చుటకన్న అర్థమును చెప్పుట సులభము. ఒక్కొక్క కీర్తనకు అర్ధగంట చాలును.

అట్లు అర్థము చెప్పువారు ‘నిస్తారము’ దగ్గర కొంచె మాగవలెను. తెలుగు క్రైస్తవుల నోట వినబడు మాట ‘రక్షణ’. నిస్తార మనగా దాటుట, ఒడ్డు చేరుట. ఒడియా, వంగ క్రైస్తవులు పస్కా పండుగను ‘నిస్తార పర్వ’ మందురు. కటకమున బాప్తిస్మము పొందిన తెలుగు కవి తన గ్రంథమునకు పేరు పెట్టునపుడు ఈ మాటను ఎన్నుకొనెను. బరంపురములోని తెలుగు పిల్లవాడు ఒడియా బడిలో ఈ మాటను ఇదివరకే విని యుండవచ్చును.