‘నల్ల అడవి పిల్ల’: పాట ఎవరిది?

పశ్చిమ జర్మనీలో 1950 తర్వాత వెల్లువగా వచ్చిన పల్లెసీమ చిత్రాలను, వాళ్ళు ‘హైమాట్’ చిత్రాలంటారు, మనలాంటివాళ్ళం ‘పలాయనవాదం’ అని ముద్రకొట్టి పక్కకు నెట్టేస్తాం. తరగతిలో నేనూ చాలాకాలం అదే పాఠం చెప్పాను. ముద్ర అబద్ధం కాదు. కాని ఎవరు, దేన్నుంచి పారిపోతున్నారని అడక్కపోతే అది విమర్శ కాదు, తిట్టు మాత్రమే.

హాన్స్ డెప్పె తీసిన ‘ష్వార్ట్స్‌వాల్ట్‌మేడెల్’ (1950) చూడండి. పేరుకు ‘నల్ల అడవి పిల్ల’ అని అర్థం. బేర్బెలె అనే అమ్మాయిని ఒక చిత్రకారుడు ప్రేమిస్తాడు. వయసు మళ్ళిన సంగీతాచార్యుడొకాయన కూడా ఆశపడతాడు. పండుగా, పాటలూ, అపార్థాలూ అయ్యాక పడుచువాళ్ళు ఒకటవుతారు. కథ ఇంతే. సోన్యా త్సీమన్, రుడోల్ఫ్ ప్రాక్ హాయిగా నటించారు, కాదనడం అన్యాయం.

యుద్ధానంతరం పశ్చిమ జర్మనీ రంగుల్లో తీసిన మొదటి కథాచిత్రమిది. ఆ రంగులు దేన్ని దాచాయి? నల్ల అడవికి గుమ్మంలాంటి ఫ్రైబుర్గ్ నగరం 1944 నవంబరు 27న బాంబుదాడిలో శిథిలమైంది. తర్వాత ఆ సీమ ఫ్రెంచి సైన్యం ఏలుబడిలోకి పోయింది. యుద్ధ నష్టపరిహారం కింద అక్కడి చెట్లు విస్తారంగా నరికి తరలించారు. చిత్రంలోని అడవికి మాత్రం గొడ్డలి సంగతే తెలియదు. ఆ ఎర్ర వుండల టోపీ కూడా మూడంటే మూడు వూళ్ళ ఆడవాళ్ళది. ఇప్పుడది యావత్తు అడవికే గుర్తయి కూర్చుంది.

అయినా ప్రేక్షకుల్ని ఎగతాళి చేయడానికి నాకు నోరు రాదు. తూర్పున ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని 1950 నాటికి పశ్చిమ జర్మనీ చేరినవారు సుమారు 80 లక్షలు. వాళ్ళకు వొక పచ్చని వూరు చూడాలనిపించడం నేరమా? మరుసటేడు డెప్పె తీసిన ‘గ్ర్యూన్ ఇస్ట్ డీ హైడె’లో ఆ శరణార్థి తెరమీదికొచ్చాడు కూడా. వచ్చినవాడు కూలివాడు కాడు లెండి, తన వేట అడవులు పోయాయని పొరుగు అడవిలో దొంగవేట ఆడే పాత భూస్వామి!

నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది వేరే వుంది. ఈ చిత్రానికి మూలం 1917లో బెర్లిన్‌లో తొలిసారి ఆడిన సంగీత నాటకం. స్వరకర్త లియోన్ జెసెల్. యూదుడిగా పుట్టి, 1894లో క్రైస్తవం పుచ్చుకున్నాడు. తనను జర్మనుడిగా ఒప్పుకుంటారని నమ్మాడు. నాజీలు రాగానే ఆయన రచనల్ని నిషేధించారు. యూదద్వేషం చెలరేగుతుంటే పని చేయలేకపోతున్నానని 1939లో ఒక మిత్రుడికి జాబు రాశాడు. ఆ జాబు గెస్టపో చేతబడింది. 1941 డిసెంబరులో పట్టుకుపోయి హింసించారు. 1942 జనవరి 4న బెర్లిన్‌లోని యూదుల ఆసుపత్రిలో చనిపోయాడు.

ఎనిమిదేళ్ళకే ఆయన బాణీలు వినడానికి జర్మనీలో జనం బారులు తీరారు.