పటము – ఊరు: చేర్యాల నకాషీ చిత్రములలో స్థలభావన

చేతితో సిద్ధపరచిన గ్రంథమనగానే మనకు తాళపత్రపు ప్రతి స్ఫురించును. అందు ఊరికి గల తావు స్వల్పము. కావ్యము ముగిసిన పిదప లేఖకుడు సంవత్సరమును, తిథిని, తన పేరును, ఒకానొకప్పుడు ఊరి పేరును చేర్చును. ప్రతి ఎచ్చటిదో నిర్ణయింపగోరువారు ఆ చివరి పంక్తులనే వెదకుదురు. ఊరిని ఇట్లు అంచున గాక నడుమ నిలిపిన హస్తకృత గ్రంథము తెలుగునాట మరియొకటి కలదు. అది చేర్యాల నకాషీలు వ్రాయు కథాపటము.

దీనిని గ్రంథమనుట తగునా యని కొందరు శంకింపవచ్చును. మొదట గణపతి, పిదప పూలతీగల అంచులతో విభక్తములైన అరలు, క్రిందికి విప్పుకొనుచు పోవలసిన వరుస, కథకుడు కర్రతో చూపుచు చెప్పు పాఠము – ఇవి యన్నియు గ్రంథలక్షణములే. పాఠము మాత్రము గుడ్డపై గాక కథకుని నోట నుండును. 30 అడుగులకు మించిన పటములును కలవు.

పటమున స్థలము మూడు విధముల వ్యక్తమగును. మొదటిది ద్రవ్యము. ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి, బంక కలిపి పూసి ఆరబెట్టి, దానిపై ఎర్రని నేల పరచి బొమ్మలు వ్రాయుదురు. రెండవది సంచారము. పటము ఒక కులము వారి పురాణము. దానిని చెప్పువారు ఆ కులమును ఆశ్రయించినవారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను వినిపింతురు. ఏ యూళ్లలో ఎవరు చెప్పవలెనో వంశపారంపర్యమైన హక్కుగా ఏర్పడియున్నది. కనుక పటమునకు ఒక ఊరు గాక ఊళ్ల వరుసయే చిరునామా. 'క్రీడాభిరామము'న ఇద్దరు మిత్రులు వీథి వెంబడి వీథిగా నడచుచుండగా ఓరుగల్లు రూపొందినట్లే, కథకుని నడకతో పటము యొక్క దేశము రూపొందును.

మూడవది చిత్రణము. భావనర్షి తామరతూళ్ల నూలుతో వస్త్రము నేసిన ఘట్టమున మనకు కానవచ్చునది పల్లె సాలెవాని మగ్గమే. గౌడుల పటమున తాటిచెట్టు ఎక్కువాడు మన పొలిమేరలోని గీతగాడే. చిత్రకారుడు పురాణదేశము నెరుగడు గనుక తన ఊరినే వ్రాసెనని కొందరందురు. ఈ వాదము మాకు సమ్మతము కాదు. దేవతల కిరీటములు, ఆయుధములు, వర్ణములు సంప్రదాయమును అనుసరించియే యున్నవి. పని జరుగుచోటనే ఊరు ప్రవేశించినది. ఇది అజ్ఞానము కాదు, ఎన్నిక. తన వృత్తి దైవదత్తమని వినవచ్చిన శ్రోతకు తన పనిముట్టే సాక్ష్యముగా చూపవలసియుండెను.

ఈ విచారమునకు నేడు ప్రయోజనమేమి? 2016 వరకు వరంగల్లు జిల్లాలోను, ఆ పిమ్మట సిద్దిపేట జిల్లాలోను చేరిన చేర్యాల పేరు ఈనాడు భౌగోళిక సూచికగా చట్టరక్షణ పొందియున్నది. కాని అమ్మకమునకు వచ్చుచున్నవి అధికముగా గోడకు తగిలించు ఒంటి బొమ్మలు: బతుకమ్మ, దంపుళ్లు, ఎడ్లబండి. వెనుకటి పటము ఊరిని వ్రాయ సంకల్పింపలేదు, అయినను ఊరు వచ్చినది. నేటి బొమ్మ ఊరినే వ్రాయ సంకల్పించినది, కాని అది ఏ యూరిదియు కాలేదు. ముందు అర లేదు, తరువాతి అర లేదు, కర్రతో చూపువాడు లేడు.

చిత్రకారులను మేము నిందింపము. పటము వ్రాయించుకొను కథకులు తగ్గిపోయిన కాలమున ఆ కుంచె నిలిచినది ఈ ఒంటి బొమ్మల వలననే. లోపము వానిని ప్రదర్శించి వివరించు మనయందు కలదు. పటమును బొమ్మగా మాత్రమే భద్రపరచి, దాని పాఠమును గాలికి విడుచుచున్నాము. తాళపత్రములను సేకరించునపుడు చివరి ఆకు లేకున్నచో ప్రతి అసమగ్రమని వ్రాసికొందుము. అట్లే కథకుని పాఠమును, అతడు తిరిగిన ఊళ్ల జాబితాను వ్రాసికొననిచో పటమును అసమగ్రప్రతిగానే ఎంచవలెను. చిరిగిన పటమును ఏటిలో విడిచి క్రొత్తదానిని వ్రాయించుకొను ఆచారము వారికి కలదు. గుడ్డ పోయినను పాఠము నిలుచునన్న నమ్మకము దానికి మూలము. మన భాండాగారములలో గుడ్డ నిలిచి పాఠము పోవుచున్నది. పాఠము తెలిసినవారు ఇంకను ఉండగనే ఈ కార్యమునకు పూనుకొనుట మన శాఖల కర్తవ్యమని మా అభిప్రాయము.