మందు తడవకూడదు

హుగ్లీ ఒడ్డున కలకత్తాకు దిగువనున్న బడ్జ్ బడ్జ్ కోట 1756 డిసెంబరు ఆఖరులో పడిపోయింది. ఎలా పడిందని అడిగితే అందరూ ఒక తాగుబోతు నావికుడి కథే చెబుతారు. స్ట్రాన్ అనేవాడు రాత్రివేళ ఒంటరిగా కందకం దాటి, ఫిరంగులు కొట్టిన గండిలోంచి లోపలికి దూరి, కోట మనదేనని కేకలు పెట్టాడట. కథ బాగానే ఉంది. నాకు మాత్రం అంతకు కొన్ని గంటల ముందు ఊరి బయట జరిగిందే ముఖ్యం.

ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవ్ దళం మాయాపూర్ దగ్గర ఓడలు దిగి, రాత్రంతా చిత్తడి నేలల్లో నడిచి, ఒళ్లు తెలియకుండా పడి నిద్రపోయింది. సరిగ్గా కాపలా కూడా పెట్టుకోలేదు. బెంగాల్ నవాబు తరఫున కలకత్తాను చూస్తున్న మాణిక్‌చంద్ సేన వచ్చి మీద పడింది. ఉలిక్కిపడి లేచినవాళ్లలో మద్రాసు నుంచి వచ్చిన సిపాయీలూ ఉన్నారు. బెంగాల్‌లో వాళ్లని తెలింగాలు అనేవారు. అందరూ తెలుగువాళ్లేమీ కాదు, తమిళులూ ముస్లింలూ కలిసి ఉండేవారు. కాసేపట్లోనే మాణిక్‌చంద్ తలపాగాలోంచి ఒక గుండు దూసుకుపోయింది. ఆయన వెనక్కి తిరిగాడు.

అలా నిద్రమత్తులో లేచి వెంటనే కాల్చడానికి వాళ్ల చేతిలోది మరతుపాకీ కాదు, చెకుముకి తుపాకీ. కాగితం తూటాను పంటితో కొరకాలి. చిటికెడు మందు పక్కనున్న పళ్లెంలో రంజకంగా పోసి, దాని మీద ఉక్కు రేకు మూయాలి. మిగిలిన మందు, గుండు, కాగితం గొట్టంలో వేసి గజం అనే కడ్డీతో దట్టించాలి. గజాన్ని దాని చోట పెట్టాలి. ఇది మరిచిపోయి కాల్చినవాడి గజం శత్రువు వైపు ఎగిరిపోతుంది, ఆ తర్వాత ఆ తుపాకీ ఉత్త కర్ర. చెకుముకి బిగించిన మీటను పూర్తిగా వెనక్కి లాగి అప్పుడు గురిపెట్టాలి. ఆరితేరినవాడు నిమిషానికి మూడుసార్లు కాల్చేవాడు. గుండు గొట్టం కన్నా సన్నం కాబట్టి లోపల అటూ ఇటూ తగులుతూ బయటికొస్తుంది. వంద గజాలు దాటితే ఒక మనిషికి గురిపెట్టడం దాదాపు వృథా, అందుకే వరసగా నిలబడి ఒక్కసారే కాల్చేవారు.

ఈ తుపాకులతో ఇప్పటికీ పోటీలు జరుగుతాయి. 1971లో ఏర్పడ్డ అంతర్జాతీయ సమాఖ్య వాటిని నడుపుతోంది. పదమూడు గుండ్లు కాల్చనిచ్చి మంచివి పది లెక్కిస్తారు. వత్తితో నిప్పంటించే జామగి తుపాకులకూ, చెకుముకి తుపాకులకూ వేరువేరు విభాగాలున్నాయి. అక్కడ కొత్తవాడికి మొదట నేర్పేది గురి కాదు, క్రమం. మందును ఇంటి దగ్గరే తూచి చిన్న చిన్న గొట్టాల్లో నింపుకురావాలి. మందు నింపుకునే కొమ్ములోంచి నేరుగా తుపాకీలో పోయనివ్వరు. లోపల మిగిలిన నిప్పురవ్వ అంటుకుంటే కొమ్ము చేతిలోనే పేలుతుంది. రంజకం పోయడం అన్నిటికన్నా చివర, గొట్టం గురి వైపు తిరిగి ఉన్నప్పుడే.

ట్రిగ్గర్ నొక్కాక చెకుముకి పడుతుంది, రంజకం భగ్గుమంటుంది, ఆ తర్వాత గుండు కదులుతుంది. ఆ సందు కనురెప్పపాటే. కొత్తవాడి గురి చెడేది అక్కడే. మంట కళ్ల పక్కనే లేస్తే భుజం జంకుతుంది. తెల్లటి పొగ కమ్మి, గుండు ఎక్కడ తగిలిందో కూడా కనపడదు. ఆ సందులో కదలకుండా నిలబడటమే ఈ విద్య. ఆధునిక తుపాకీ ఆ ఓపికను ఎవరినీ అడగదు. పోటీ అయ్యాక గొట్టాన్ని వేడినీళ్లతో ఆ రోజే కడగాలి. మసిలోని లవణాలు తేమను పీల్చి ఇనుమును తినేస్తాయి.

మందుకు కూడా తేమే శత్రువు. నూటికి డెబ్బై ఐదు పాళ్లు సురేకారం, పదిహేను బొగ్గు, పది గంధకం. బీహారు సురేకారం కోసం ఐరోపా కంపెనీలు పోటీపడ్డాయంటే ఆశ్చర్యం లేదు. కానీ ఎంత మంచి మందైనా నీళ్లు తగిలితే బురదే. రాత్రంతా చిత్తడిలో నడిచిన తెలింగాలు అన్నిటికన్నా జాగ్రత్తగా కాపాడుకోవలసింది నడుముకున్న తూటాల సంచినే.

ఆరు నెలలు తిరక్కుండా, 1757 జూన్ 23న ప్లాసీ యుద్ధంలో మధ్యాహ్నం కుండపోత పడింది. కంపెనీవాళ్లు మందు మీద టార్పాలిన్లు కప్పారు. నవాబు ఫిరంగుల మందు తడిసిపోయింది. ఇంగ్లీషువాళ్ల మందూ తడిసే ఉంటుందనుకుని నవాబు సేనాని మీర్ మదన్ ఆశ్వికులతో ముందుకు దూకాడు.